నవ్వితేనే క్లిక్కుమనే కెమెరా

మా ఆఫీసు కెమెరా ఎదురుగా ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు నవ్వితే తప్ప ఫొటో తీసేది కాదు. ఈ మాట ఎవరికి చెప్పినా కల్పించి చెబుతున్నాననుకుంటారు. కొత్తగా పశువుల దవాఖానల్లో ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా, "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. కష్టమైన కాన్పు గురించో, గాలికుంటు రోగం ఊరంతా చుట్టేసిన ఏడాది గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నాకు మాత్రం ఆ కెమెరానే గుర్తొస్తుంది. నాయనా, మీరు జేబులోంచి ఫోన్ తీసి నొక్కితే ఊరి పేరు, తేదీ, టైము అన్నీ వాటంతటవే పడిపోతాయి. మేము ఒక్క ఫొటో కోసం ఏమేం చేశామో వినండి.

నేను పుట్టింది జగిత్యాలలో. కాపురం కోరుట్లలో. వెటర్నరీ అసిస్టెంటుగా చివరి ఏళ్లు పనిచేసింది రుద్రంగి దిక్కున ఒక ఊళ్లో. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇప్పటికీ ప్రేమగా ఫోన్ చేస్తారు, పేరు చెబితే ఆ ఫోన్లు వేరే రకంగా వస్తాయి. కొత్త జిల్లాలు వచ్చాక మాకు పై ఆఫీసు సిరిసిల్ల అయింది. బస్సుకైనా, బ్యాటరీకైనా, వేడి మిర్చి బజ్జీకైనా మేము పోయేది మాత్రం కోరుట్లకే.

దవాఖానలో మేము ముగ్గురం. మా డాక్టర్ సార్ నవ్వని మనిషి. కోపిష్టి కాదు, ముఖమే అంత. వాళ్ల అమ్మాయికి మంచి కాలేజీలో సీటు వచ్చిందని స్వీట్లు తెచ్చిన రోజు కూడా ఆ ముఖం చూసి, "ఏమైంది సార్, ఇంట్ల ఎవరికన్నా బాగలేదా?" అని అడిగి, ఆ తర్వాత లడ్డూ తీసుకున్నాను. మూడో మనిషి మా అటెండర్. నాకంటే పెద్దవాడు, అందుకే అన్న అనేదాన్ని. కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. వాళ్ల అన్నలు ఇంకా తాటిచెట్లు ఎక్కేవాళ్లు. ఈయనకు మాత్రం కుర్చీ ఎక్కి ఫ్యాను తుడవాలన్నా కళ్లు తిరిగేవి. భూమ్మీద చేసే పని ఏదైనా సరే అనుకుని మా దవాఖానకు వచ్చాడు. పెద్ద పళ్లు, వాటికి తగ్గ నవ్వు. ఎవరు తిట్టినా నవ్వేవాడు, ఎవరు పొగిడినా నవ్వేవాడు. నవ్వడంలో ఆయనకు వేళాపాళా ఉండేది కాదు.

కెమెరా అప్పటికే పాతది. వెండి రంగు, చేతిలో పట్టేంత సైజు. పైన ఒక చిన్న చక్రం, దాని చుట్టూ బొమ్మలు: మనిషి తల, కొండ, పువ్వు, చందమామ, నవ్వు ముఖం, ఇంకా ఏవేవో. ఏ బొమ్మ దగ్గర తిప్పి పెడితే ఆ రకంగా ఫొటో తీస్తుంది. మేము దాన్ని ఎప్పుడూ తిప్పలేదు. తిప్పింది ఒక బర్రె.

ఒక ఊళ్లో నట్టల మందు తాగించే క్యాంపు పెట్టాం. డాక్టర్ సార్ కెమెరా మెడలో వేసుకుని బర్రె నోట్లోకి తొంగి చూస్తున్నాడు. అది నాలుక బయటపెట్టి కెమెరా తాడును చుట్టేసింది. సార్ ఇటు లాగాడు, అది అటు లాగింది. తాడు తెగింది. కెమెరా పోయి పక్కనున్న కుడితి గోలెంలో పడింది. అటెండర్ అన్న మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి తీసేసరికి దానికి తవుడు, కూరగాయ తొక్కలు అంటుకుని ఉన్నాయి.

ఇంటికి తీసుకుపోయి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. తేమ పీల్చుకుంటుందని ఎవరో చెప్పారు. తేమ సంగతేమో గానీ, ఆ వారమంతా మా ఇంట్లో అన్నం కుడితి వాసన కొట్టిందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

కెమెరా బతికింది. లైటు వెలిగింది, తెర మీద బొమ్మ కనబడింది. తర్వాతి క్యాంపులో సర్పంచ్ గారు సిరంజి పట్టుకుని గొర్రె పక్కన గంభీరంగా నిలబడ్డాడు. నేను బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను.

"గట్టిగ నొక్కు," అన్నాడు డాక్టర్ సార్.

బొటనవేలు నొప్పి పుట్టింది గానీ ఫొటో పడలేదు. అంతలో వెనక నుంచి ఒక మేక వచ్చి సర్పంచ్ గారి కండువా కొస నమలడం మొదలుపెట్టింది. గొర్రెను పట్టుకుని నిలబడ్డ అటెండర్ అన్న పక్కుమన్నాడు. కెమెరా క్లిక్కుమంది. నేను బటన్ ముట్టుకోనే లేదు. ఆయన ఇంకోసారి నవ్వాడు, అది ఇంకోసారి క్లిక్కుమంది.

డాక్టర్ సార్ కెమెరా తీసుకుని చాలాసేపు పరిశీలించాడు. చక్రం ఎటు తిప్పినా వట్టిగా తిరుగుతోంది. తెర మూలన నవ్వు ముఖం బొమ్మ ఒక్కటే ఉంది, కదలడం లేదు. "ఎవరన్న నవ్వితే తనంతట తనే ఫొటో తీసే పద్ధతి ఒకటుంటది దీంట్ల. గా పద్ధతిలనే ఇరుక్కున్నది," అన్నాడు, పశువుకు నయం కాని రోగం వచ్చిందని రైతుకు చెప్పే గొంతుతో.

క్యాంపుల వరకు ఇబ్బంది లేదు. ఫొటో అంటే జనం నవ్వుతూనే ఉంటారు. చిక్కంతా ఇన్సూరెన్స్ చేసిన బర్రె చచ్చిపోయినప్పుడు. కంపెనీకి ఫొటో పంపాలి. అందులో పశువు, దాని చెవికి వేసిన ట్యాగు, పక్కన యజమాని, మూలన అచ్చైన తేదీ ఉండాలి. ఫోన్లో తీసింది అప్పట్లో ఒప్పుకునేవాళ్లు కాదు, ఆఫీసు కెమెరాతో తీసిందే కావాలి. చచ్చిన బర్రె పక్కన నిలబడ్డ మనిషిని నవ్వమని ఎట్లా అడుగుతాం?

ఒకాయనను నేను అడిగాను కూడా. "కాకా, జర నవ్వు మొఖం పెట్టు, మిషనుకు గట్ల కావాలె" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపుకు రెండు అడుగులు వెనక్కి వేశాను.

తర్వాత ఇంకో ఉపాయం చేశాం. టూత్‌పేస్టు డబ్బా మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది కదా, దాన్ని బర్రె వీపు వెనక నుంచి పైకెత్తి పట్టుకున్నాడు అటెండర్ అన్న. కెమెరా మోసపోయింది, టక్కున తీసింది. ఫొటో చూసిన డాక్టర్ సార్, "గిది పంచనామా లెక్క లేదు. బర్రె గా పేస్టు వాడి సచ్చిపోయినట్టున్నది," అని పక్కన పెట్టేశాడు.

చివరికి మిగిలిన దారి అటెండర్ అన్నే. ఫొటోలో ఓ అంచున నిలబడి నవ్వేవాడు, కెమెరా క్లిక్కుమనేది, పని అయిపోయేది. క్యాంపు రోజులు తప్ప ఊడ్చుకుంటూ, చాయ్ తెస్తూ దవాఖానలోనే ఉండే మనిషిని ఇప్పుడు సార్ బండి వెనక ఎక్కించుకుని ఊరూరా తిప్పేవాడు. ఆయన ఉతికిన అంగీ వేసుకుని రావడం మొదలుపెట్టాడు. అంగీ జేబులో దువ్వెన కూడా చేరింది.

ఇట్లా కాదు, దీన్ని బాగుచేయించాలా, కొత్తది తెప్పించాలా అని మాలో మాకు వాదన మొదలైంది. నాకు కొత్తది కావాలి. డాక్టర్ సార్‌కు వృథా చేయడం ఇష్టం లేదు, పనిచేసేదాన్ని పారేయొద్దంటాడు. అటెండర్ అన్నకు రెండూ వద్దు. "ఇప్పుడు ఏమాయె మేడం? మంచిగనే తీస్తున్నది గదా," అనేవాడు. ఆ కెమెరా బాగైతే ఆయన మళ్లీ చీపురు దగ్గరికి పోవాలి మరి.

డాక్టర్ సార్ సిరిసిల్లకు ఫోన్ చేశాడు. అవతల పెద్ద క్లర్కు మంచివాడే, రూలు ప్రకారమే అడిగాడు.

"సార్, కెమెరా పనిచేస్తున్నదా?"

"చేస్తున్నది. కానీ..."

"చేస్తే కొత్తది ఎట్లిస్తరు సార్?"

"ఎవరన్న నవ్వాలె దానికి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "సార్, నవ్వుండ్రి మరి," అన్నాడు చివరికి. బాగుకాదని రిపేరు షాపు వాళ్లతో రాయించుకొస్తే చూద్దామని కూడా చెప్పాడు.

కోరుట్లలో రిపేరు షాపు మా ఇంటికి దగ్గరే. నేనే తీసుకుపోయాను. షాపాయన సరదా మనిషి, నేను సంగతంతా చెబుతుంటే నవ్వుతూనే ఉన్నాడు. కెమెరా ఆయన ఫొటోలు తీస్తూనే ఉంది. "మస్తు తీస్తున్నది మేడం, ఏమైంది దీనికి?" అన్నాడు.

విప్పి చూశాక మాత్రం తల ఊపాడు. చక్రం కింది రేకులను కుడితి పులుపు తినేసిందట. మామూలు ఫొటోకు పోయే దారి పూర్తిగా తెగిపోయింది. మిగిలిన వాటిలో ఏదో ఒకదానికి కలిపేస్తే ఎప్పటికీ అదే ఉంటుంది.

"ఏమేం ఉన్నయి?" అన్నాను.

"పటాకులు కాలుస్తుంటే తీసేది ఉన్నది. మంచు పడుతుంటే తీసేది ఉన్నది."

"కోరుట్లల మంచు ఏడ పడుతది?"

"తినేటియి తీసేది ఉన్నది మేడం. ఏది తీసినా ఎర్రగ, నోరూరేటట్టు పడుతది."

చచ్చిన బర్రెను నోరూరేటట్టు తీసి కంపెనీకి పంపడం ఊహించుకున్నాను. "ఇంకా?"

"పండుకున్న చిన్న పిల్లలను తీసేది. లైటు పడదు, సప్పుడు గాదు."

దాని మీద కాసేపు మనసు పోయిన మాట నిజం. కానీ ఫొటో చూసి, "బర్రె నిద్రపోతున్నది, లేపుండ్రి" అంటారేమోనని ఆగిపోయాను. "ఇవేవీ వద్దు తమ్మీ. రిపేరు కాదని ఒక కాగితం రాసియ్యి, కొత్తది తెప్పించుకుంటం," అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. కుర్చీలోంచి లేచి నన్ను షాపు బయటికి తీసుకుపోయి పైనున్న బోర్డు చూపించాడు. అన్ని రకముల కెమెరాలు రిపేరు చేయబడును అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. "మా నాయిన పెట్టిన షాపు మేడం. రిపేరు కాదని నా చేతితోని నేను రాయ. మంచుది కావాల్నంటే ఇప్పుడే చేసిస్త," అన్నాడు.

అట్లా రిపేరూ కాక, కొత్తదీ రాక, మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చాను. దారిలో బజ్జీలు తిన్నాను, అంతే లాభం.

అప్పుడు వచ్చింది అసలు గండం. మా ఊళ్లో ఒకామె బర్రె పిడుగు పడి చచ్చిపోయింది. వాళ్లాయన దుబాయిలో ఉంటాడు. రెండెకరాల పొలం, ఆ బర్రె, అంతే ఆమె ఆస్తి. చూడి బర్రె కూడాను. మేము పోయేసరికి పొలంలో కూర్చుని ఏడుస్తోంది. అందరి కళ్లూ తడిగా ఉన్నాయి, అటెండర్ అన్నవి కూడా. ఆయన తుడుచుకుని, వెళ్లి అంచున నిలబడి, తన పని తాను చేశాడు. క్లిక్కుమంది.

కొన్నాళ్లకు ఆమె దవాఖానకు వచ్చింది, కొంగు నడుముకు చెక్కుకుని. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నా బర్రె సచ్చిపోయింది నిజమా, అబద్ధమా?"

"నిజమే."

"నేను ఏడిస్తె గా అన్న నవ్విండట. గందుకే పైసలు ఆపిండ్రట. కంపినోళ్లు ఫోన్ జేసి, మీ బర్రె సస్తే నవ్వేటాయన ఎవలమ్మా అని అడుగుతున్నరు. నేనేం జెప్పాలె?"

అటెండర్ అన్న గోడవారకు జరిగాడు. అలవాటుగా నవ్వబోయి, ఆమె ముఖం చూసి పెదాలు మూసేశాడు.

రెండు రోజులకు జగిత్యాల నుంచి ఇన్సూరెన్స్ విచారణాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, బిగించి కట్టిన బెల్టు. ఆమెను కూడా పిలిపించాడు. సంచిలోంచి ఫొటోలు తీసి డాక్టర్ సార్ టేబుల్ మీద పేక ముక్కల్లా పరిచాడు. అన్నీ చచ్చిన బర్రెలే. అన్నిట్లో అంచున మా అటెండర్ అన్నే.

"ఈయన ఎవలు సార్? ఈ దిక్కు ఏ బర్రె సచ్చినా పక్కపొంటి ఉంటడు. ఉండి నవ్వుతడు. రానురాను నవ్వు పెద్దగైతున్నది, సూడుండ్రి."

నిజమే. మొదటి ఫొటోలో మొహమాటంగా నవ్వాడు. చివరికొచ్చేసరికి దవడ పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అటెండర్ అన్న చాయ్ పట్టుకుని వచ్చాడు. వచ్చినాయనకు మర్యాదగా నవ్వాడు. అధికారి లేచి నిలబడ్డాడు.

డాక్టర్ సార్ జరిగింది మొత్తం చెప్పాడు. బర్రె నాలుక, కుడితి గోలెం, చక్రం, నవ్వు, ఏదీ వదల్లేదు. అధికారి ఆయన ముఖం వైపే చూస్తూ విన్నాడు.

"సార్, నాతోని పరాచికాలాడుతున్నరా?"

"నేను పరాచికాలాడ."

"అది మీ మొఖం సూస్తేనే తెలుస్తున్నది. గందుకే నాకు ఇంకింత పరేషాన్ అయితున్నది," అన్నాడు. "సరే, ఏది ఆ కెమెరా? నా ముంగట నడిపించుండ్రి."

అందరం దవాఖాన ముందరి జాగాలోకి వచ్చాం. అదే సమయానికి పక్క ఊరి నుంచి ఒక చచ్చిన దున్నపోతును పోస్ట్‌మార్టం కోసం ట్రాక్టర్ ట్రాలీలో వేసుకొచ్చి గేటు లోపల నిలిపారు. సార్ వాళ్లను కొంచెం ఆగమన్నాడు. డాక్టర్ సార్, నేను, అటెండర్ అన్న, ఆ బర్రె యజమానురాలు వరుసగా నిలబడ్డాం. ట్రాలీకి ఆనుకుని మాకు ఎదురుగా అధికారి నిలబడి, కెమెరా చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవలూ నవ్వద్దు." నొక్కాడు. పడలేదు. ఇంకా నొక్కాడు. పడలేదు. "మంచిది. ఇప్పుడు నువ్వు నవ్వు," అన్నాడు అటెండర్ అన్నతో.

అప్పుడు జరగకూడనిది జరిగింది. ఆయనకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం పట్టుకుంది. పళ్లు బయటపెట్టాడు గానీ, అది పన్ను నొప్పి ఉన్న మనిషి ముఖంలా ఉంది. కెమెరా ఒప్పుకోలేదు.

"నవ్వు అన్నా," అన్నాను మెల్లగా.

"వస్తలేదు మేడం. లోపటికెల్లి వస్తలేదు."

నేను నవ్వి చూశాను. కెమెరా నన్ను లెక్కచేయలేదు. నా నవ్వు అంత అబద్ధమని అప్పుడే తెలిసింది. డాక్టర్ సార్ కూడా ఏదో ప్రయత్నించాడు, కానీ ఆయన ప్రయత్నిస్తున్నాడని పక్కనున్న నాకు కూడా ఆలస్యంగా అర్థమైంది.

ఆమెకు ఇక ఓపిక పోయింది. "ఇన్ని దినాలు ఊరూరు తిరిగి సచ్చిన బర్రెల కాడ ఇకిలించినవు గదనే అన్నా! ఇయ్యాల నా కోసం నవ్వడానికి నీకేం రోగం? నా పైసలు నీ పండ్ల మీద ఉన్నయి, నవ్వు!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడికెల్లి తేవాలె చెల్లె, రాకుంటె?"

అధికారి చాలు అన్నట్టు చెయ్యి ఎత్తాడు. "అర్థమైంది. అంత నాటకం. బ్యాటరీ లేని డబ్బాను చేతిల పెట్టి నన్ను పిచ్చోని చేస్తున్నరు." అని, కెమెరాలో లైటు వెలుగుతోందా లేదా అని దాన్ని తన ముఖం వైపు తిప్పుకున్నాడు. లెన్సులోకి వెటకారంగా చూస్తూ, పళ్లన్నీ బయటపెట్టి, "ఏం, గిట్ల నవ్వితే తీస్తవా?" అన్నాడు.

క్లిక్కుమంది.

ఆయన ఉలిక్కిపడి కెమెరా ఇటు తిప్పాడు. అందరం వెళ్లి తెర మీద చూశాం. తేదీ చక్కగా అచ్చైంది. ఫొటో నిండా ఆయన ముఖం, ముఖం నిండా పళ్లు. ఆయన భుజం వెనక, ట్రాలీలో, కాళ్లు పైకి పెట్టుకుని దున్నపోతు.

డాక్టర్ సార్ కళ్లద్దాలు సర్దుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే, "సార్, గీ దున్నపోతు ఫైల్ల గీ ఫొటో పెట్టమంటరా?" అని అడిగాడు.

ముందు ఆమె నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత ట్రాక్టర్ మీద ఉన్నాయన. తర్వాత అటెండర్ అన్నకు లోపలి నుంచి వచ్చింది, ఆపలేకపోయాడు, కింద కూర్చుండిపోయాడు. అధికారి కాసేపు పెదాలు బిగబట్టి చూశాడు, ఆయన వల్లా కాలేదు. చేతిలో కెమెరా మమ్మల్నందరినీ ఆగకుండా తీస్తూనే ఉంది. దాన్ని ఎట్లా ఆపాలో తెలియక ఆయన చివరికి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె క్లెయిము పాసైంది. మిగతావి కూడా. అధికారి తన రిపోర్టులో మరణాలన్నీ వాస్తవమని, కెమెరా మాత్రం మార్చవలసి ఉందని రాశాడు. ఆ రిపోర్టు నకలు చూపించి సిరిసిల్ల నుంచి కొత్త కెమెరా తెచ్చుకున్నాం. పాతదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

అటెండర్ అన్న కొన్నాళ్లు దిగులుగా ఊడ్చాడు. అంగీ జేబులో దువ్వెన కనబడలేదు. ఒకరోజు డాక్టర్ సార్ బండి స్టార్ట్ చేసి, ఎక్కకుండా నిలబడి, "ఏమయ్యా, రావా? ట్యాగు వేసేటప్పుడు చెవి పట్టనీకె మనిషి కావాలె గదా," అన్నాడు. చెవి పట్టడం అంతకుముందు ఆ సార్ ఒక్కడే చేసుకునేవాడు. అన్న చీపురు పక్కన పడేసి పరుగెత్తాడు. ఆ తర్వాత కూడా ఊళ్లు తిరిగే భాగ్యం ఆయనకు పోలేదు.

కొన్ని నెలలకు ఆమె కొత్త బర్రెను కొనుక్కుంది. ఇన్సూరెన్స్ కోసం ట్యాగు వేసి ఫొటో తీయాలి. ముగ్గురం పోయాం. బర్రె నల్లగా, నిగనిగలాడుతూ ఉంది, దాని నుదుటి మీద ఆమె పసుపు కూడా పెట్టింది. పక్కింటాయనకు కెమెరా ఇచ్చి, మేమందరం బర్రె పక్కన వరుసగా నిలబడ్డాం. నవ్వాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు కదా, బిగుసుకుపోయి నిలబడ్డాం. అటెండర్ అన్న కూడా జాగ్రత్తగా పెదాలు మూసుకున్నాడు. కొత్త కెమెరా ఏమీ అడగలేదు. నొక్కగానే తీసింది.

ఆమె తెర మీద ఫొటో చూసి మూతి తిప్పింది.

"గిదేంది సారూ, మంచి బర్రె పక్కపొంటి సచ్చిన బర్రె కాడ నిలబడ్డట్టు నిలబడ్డరు?" అంది. "అన్నను జర ముంగటికి పంపుండ్రి. మల్ల తీయుండ్రి."